తూటా తగిలాక నాలుగు నిమిషాలు

గుటుక్కు గారు తన జీవితంలో నాలుగు వేల సార్లకు తక్కువ కాకుండా చచ్చిపోయాడు. ఆఖరిసారి చచ్చింది మాత్రం సినిమా కోసం కాదు. ఆ ఆఖరిసారి సంగతి ఇక్కడ అనవసరం. అది అందరికీ జరిగేదే. పైగా అందులో ఆయన తన పనితనం ఏమీ చూపించలేదు, నిద్రలోనే కానిచ్చేశాడు. ఇక్కడ చెప్పేది అంతకు ఆరేళ్ళ ముందు, చావకుండా ఉండడానికి ఆయన నానా అవస్థలూ పడిన సంగతి.

ఆయన పని డబ్బింగ్‌లో చావులు. పరభాషా సినిమా తెలుగులోకి వచ్చేటప్పుడు తెర మీద బొమ్మ పెదాలు కదుపుతుంటే, చిన్న గదిలో మైకు ముందు నిలబడి ఇక్కడివాళ్ళు దానికి తెలుగు గొంతు అతుకుతారు. హీరోకి ఒక గొంతు, హీరోయిన్‌కి ఒకటి, వాళ్ళ నాన్నకి ఒకటి. దారికి అడ్డం వచ్చి తూటా తిని పడిపోయేవాళ్ళకి మాత్రం తలా ఒక గొంతు పెట్టరు. వాళ్ళందరికీ కలిపి ఒకే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి ఈయనే.

చావుల్లో చాలా రకాలున్నాయి. తూటా గుండెకి తగిలితే 'హక్', అంతే, రెండో అక్షరం ఉండకూడదు. పొట్టలో కత్తి దిగితే ఊపిరి ముందు లోపలికి పోయి, తరువాత గురకలాగా బయటికి రావాలి. మేడ మీంచి పడేవాడి కేకని మైకుకి ఎదురుగా మొదలుపెట్టి, మెల్లగా తల పక్కకి తిప్పుకుంటూ పోవాలి. అప్పుడది కిందికి జారినట్టుంటుంది. నీళ్ళలో మునిగేవాడి కోసం గుక్కెడు నీళ్ళు నోట్లో పట్టి అరవాలి. ఒకసారి ఆ గుక్క గొంతుకి అడ్డం పడి నిజంగానే పోబోయాడు. ఆ టేకునే సినిమాలో పెట్టారు. 'ఎంత సహజంగా చేశారండీ' అని అందరూ మెచ్చుకున్నారు.

రెండు సెకన్లకు మించి ఏ చావూ సాగకూడదన్నది ఆయన పనిలో మొదటి నియమం. చెవుల్లో తూటా మోగాలి, చావాలి, పేజీ తిప్పాలి, మళ్ళీ చావాలి. ఒక్క పూటలో అరవై మందిని సాగనంపి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చిన రోజులున్నాయి. స్టూడియోలో ఆయన్ని గుటుక్కు గారనడం మొదట చాటుగా సాగింది, తరువాత ఎదురుగానే. చివరికి ఆయనే ఫోనెత్తి 'గుటుక్కుని మాట్లాడుతున్నానండీ' అనేదాకా వచ్చింది.

ఆయన భార్య అదే స్టూడియోలో ఏడుపులు ఏడ్చేది. తల్లి ఏడుపు, భార్య ఏడుపు, దూరం నుంచి గుంపులో వినిపించే ఏడుపు, అన్నీ ఆవిడే. ఒకే సన్నివేశంలో చాలా ఏళ్ళు కలిసి పనిచేసినా వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. ఆవిడ మంగళవారం వచ్చి శవం మీద పడి ఏడ్చి వెళ్ళేది. ఆ శవం శుక్రవారం వచ్చి చచ్చేది. ఒకనాడు ఎవరో రాకపోవడంతో ఇద్దరి వేళలూ కలిశాయి.

"మొన్న నేను ఏడ్చింది మీకోసమేనా?" అని అడిగింది ఆవిడ.

"ఏమోనండీ, చచ్చాక నాకు వినపడదు కదా" అన్నాడీయన.

అంతకంటే గొప్ప ప్రేమ సంభాషణ ఆ స్టూడియోలో మరెవరూ రాయలేదు. రాసినా పెదాలకి కుదిరేది కాదు.

కొత్త కాపురంలో ఒకసారి అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి తలుపు బాదాడు. లోపల ఎవరో గొంతు పిసికించుకుంటున్నారు, ఇంకెవరో గుండెలవిసేలా ఏడుస్తున్నారు. తలుపు తీసేసరికి మొగుడూ పెళ్ళాలు టీ తాగుతూ కనిపించారు. 'రేపటి పనండీ' అన్నారు. ఇంటాయన ఇల్లు ఖాళీ చేయమనలేదు గానీ మళ్ళీ ఎప్పుడూ తలుపు కొట్టలేదు. మరో ఏడాది వంటింట్లో గ్యాసు లీకై నిజంగా కేకలు పెట్టినప్పుడు కూడా రాలేదు.

ఇంత చేసినా ముప్పై ఏళ్ళలో తెర మీద ఆయన పేరు ఒక్కసారి పడలేదు. చావులకి పేరు వేయరు. భోజనాలు పెట్టినవాళ్ళకి వేస్తారు, వ్యాను నడిపినవాళ్ళకి వేస్తారు, కుక్కని తెచ్చినవాళ్ళకి వేస్తారు. ఒక సినిమాలో ఆ కుక్క పేరు కూడా పడింది. గుటుక్కు గారి బావమరిది పంపుసెట్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. కొత్తవాళ్ళెవరు కనిపించినా "మా బావ సినిమాల్లో ఉంటాడండీ. ఎక్కువసేపు ఉండడు" అని పరిచయం చేసేవాడు. అక్కడ ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. గుటుక్కు గారూ నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పేరు తెర మీద పడాలనీ, ఆ వేళ బావమరిది తన పక్క సీట్లో ఉండాలనీ ఆయన కోరిక. అంతకు మించి ఆయనకి ఈ లోకంతో పేచీ లేదు.

ఆ ఏడాది ఎండలు ముదురుతుండగా ఒక హిందీ సినిమా డబ్బింగ్‌కి వచ్చింది. రేవు పట్నంలో ఒక భాయ్. చిన్నప్పుడు తనని ఎవరో కొట్టారు కాబట్టి పెద్దయ్యాక అందరినీ చంపుతుంటాడు. సగం సినిమాలో ముప్పై ఏడుగురిని చంపాక, పిల్లలకి సంగీతం నేర్పే టీచరమ్మ ఒకావిడ నడివీధిలో అతని చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. అంతటితో భాయ్‌కి కళ్ళు తెరుచుకుని, ప్రేమ పుట్టి, గడ్డం గీయించుకుంటాడు. మొదటివాణ్ణి చంపకముందే ఎవరో ఒకరు ఆ చెంప మీద ఒకటిచ్చుకుని ఉంటే సినిమా పది నిమిషాల్లో అయిపోయేది, ముప్పై ఏడు కొంపలు నిలిచేవి. కానీ టీచరమ్మకి అప్పటికి తీరిక లేదు కాబోలు. మిగతా సగంలో భాయ్ మంచివాడుగా ఉందామనుకుంటాడు, పాత శత్రువులు ఉండనివ్వరు. చివరికి ఆస్పత్రి మెట్ల మీద మూడు తూటాలు తిని, టీచరమ్మ ఒడిలో తలపెట్టి, నాలుగు నిమిషాల సేపు మాట్లాడి, నవ్వుతూ కన్నుమూస్తాడు.

భాయ్‌కి తెలుగు గొంతు సింహం గారిది. హీరోలందరికీ ఆయనే. నడివేసవిలో కూడా మెడకి మఫ్లరు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. గొంతు అరిగిపోతుందని స్టూడియో దాటితే నోరు విప్పడు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా చీటీ రాసి భార్యకి అందిస్తాడు. అంత పొదుపుగా దాచుకున్న గొంతు, ఈ సినిమా ఆఖరి రీలు మిగిలి ఉండగా, ఒక ఆదివారం పూట మొత్తం పోయింది. పై వాటావాళ్ళు ఆరేసిన దుప్పట్ల నీళ్ళు తన కారు మీద కారుతున్నాయని మెట్ల మీద నిలబడి గంటన్నర పోట్లాడాడట. డాక్టరు మూడు వారాలు నోరు మెదపవద్దన్నాడు. సినిమా పన్నెండు రోజుల్లో విడుదల.

"ఆ ఒక్కటీ చీటీ రాసి పైకి పంపించాల్సింది" అన్నాడు సౌండ్ ఇంజనీరు. ఆయన ఎప్పుడూ వేరుశెనగలు నములుతూ ఉంటాడు, ఎప్పుడో గానీ మాట్లాడడు.

డబ్బింగ్ ఇన్‌చార్జికి నవ్వే ఓపిక లేదు. సోమవారం పొద్దున్నే గుటుక్కు గారిని పిలిపించాడు.

"మీరు సింహం గారి పక్కన ఇరవై ఏళ్ళుగా చస్తున్నారు. ఆయన గొంతు మీకు తెలిసినట్టు వాళ్ళావిడకి కూడా తెలియదు. ఔనా?"

"వాళ్ళావిడకి ఆయన చేతిరాత తెలుసు లెండి" అన్నాడు గుటుక్కు గారు.

"జోకులొద్దు. ఆఖరి రీలు మీరు చెప్పండి. తేడా తెలియకూడదు. టైటిల్స్‌లో సింహం గారి పేరు కింద మీ పేరు వేయిస్తాను. ఒక్కరే, విడిగా, పెద్దక్షరాలు."

గుటుక్కు గారు తేరుకున్నాక చేసిన మొదటి పని, వరండాలోకి వెళ్ళి బావమరిదికి ఫోన్ చేయడం. ఒక్క టేకు కూడా చెప్పకముందే చేశాడు. ఆ సాయంత్రానికి బావమరిది బంధువుల్లో తెలిసినవాళ్ళకీ, తెలియనివాళ్ళకీ చెప్పేసి, మొదటిరోజు మ్యాట్నీకి ఒకే వరసలో పది టిక్కెట్లు మాట్లాడేశాడు.

మొదటి టేకు మొదలైంది. చెవుల్లో హిందీ భాయ్ ఆయాసం, బూట్ల చప్పుడు, వరసగా మూడు తూటాలు.

"హక్" అని గుటుక్కు గారు తల వాల్చేశాడు.

 తెర మీద భాయ్ మాత్రం పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

"చచ్చిపోయారేంటండీ?" గాజుకి అవతలి నుంచి మైకులో ఇన్‌చార్జి గొంతు.

"తూటా తగిలింది కదండీ."

"హీరోకి తగిలింది. హీరోకి తూటా తగిలాక మాట్లాడే హక్కుంటుంది గుటుక్కు గారూ. పక్కవాళ్ళకే ఉండదు. మళ్ళీ వెళ్దాం."

రెండోసారి తూటాలు దాటాడు గానీ "ఏడవకు, నాకు నొప్పి..." అని అక్కడే పోయాడు. మూడోసారి మూడో తూటా దాకా బిగపట్టిన ఊపిరి మాట మొదలయ్యేసరికి అయిపోయింది. ఆరోసారి "చీకట్లో పుట్టాను, చీకట్లో పెరిగాను, నువ్వే దీపం పట్టుకొచ్చావు" అన్న డైలాగులో పుట్టడం దాకా వెళ్ళి, పెరగకుండానే పోయాడు. మనసు చెప్పమంటోంది, ఒళ్ళు చావమంటోంది. ముప్పై ఏళ్ళ అలవాటు. తుమ్ము ఆపుకోవడం లాంటిది.

పదకొండో టేకు తరువాత ఇంజనీరు వేరుశెనగ పొట్లం పక్కన పెట్టాడు. "మనిషికి బతికే అలవాటు తప్పిపోయింది సార్" అన్నాడు.

"రేపు పదింటికి" అన్నాడు ఇన్‌చార్జి. "సాయంత్రానికి మిక్సింగ్‌కి వెళ్ళిపోవాలి. ఇంటికెళ్ళి కాస్త బతకడం ప్రాక్టీసు చేసుకుని రండి, మీకు పుణ్యముంటుంది."

గుటుక్కు గారు ఇంటికెళ్ళేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. "బావా, మా షాపు ఓనరు కూడా వస్తానంటున్నాడు. పేరు ఎంత సైజులో వేస్తారో కనుక్కున్నావా?" అన్నాడు. టీ తాగి, మరో నాలుగు సీట్లు పెంచే సంగతి మాట్లాడి వెళ్ళాడు.

అతను గుమ్మం దాటగానే భార్య అడిగింది. "ఎన్ని టేకులు?"

"పదకొండు."

"ఎంతవరకు బతికారు?"

"చీకట్లో పుట్టేవరకు."

ఆవిడ వంటింట్లోంచి కంచం, గరిటె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "చదవండి. నేను కాలుస్తాను" అంది.

ఆయన కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గరిటెతో కంచం మీద ఠంగుమని కొట్టింది. ఆయన పోయాడు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పోయాడు. "లేవండి, ఇంకా పెళ్ళి కూడా కాలేదు మీకు, అప్పుడే పోతే ఎట్లా" అని ఆవిడ, ఠంగుమని మళ్ళీ. కొంతసేపటికి ఆవిడకో ఉపాయం తట్టింది. తూటా తగిలినప్పుడల్లా కుడికాలి బొటనవేలు నేలకి నొక్కిపట్టమంది. చావు అటు పోతుందట. అది శాస్త్రమో చాదస్తమో గానీ పనిచేసింది. ఎనిమిదోసారి ఆయన మూడు తూటాలూ దాటి, చీకట్లో పుట్టి, పెరిగి, టీచరమ్మ చేత దీపం తెప్పించుకుని, నాలుగు నిమిషాలూ బతికి ఆఖరి వాక్యం దాకా వచ్చేశాడు.

"నీ ప్రేమ నా పాపాలన్నీ కడిగేసింది. ఇప్పుడు నేను శుభ్రంగా ఉన్నాను."

"స్నానం చేసొచ్చినట్టు చెబుతున్నాడే" అంది భార్య. గరిటె కింద పెట్టలేదు. "ఈ సినిమాలో ఎంతమందిని చంపాడు వీడు?"

"ముప్పై ఏడు."

"అందరూ మీరేనా?"

"ఇద్దరు తప్ప. ఒకడు నోట్లో గుడ్డ కుక్కించుకుని పోయాడు. ఇంకొకడు దూరంగా కారుతో సహా పేలిపోయాడు."

"అంటే మిమ్మల్ని ముప్పై అయిదుసార్లు చంపినవాడి తరఫున వకాల్తా కూడా మీరే పుచ్చుకున్నారన్నమాట."

"పేరు పడుతుందే" అన్నాడాయన, కాగితాలు సర్దుకుంటూ.

"పడాలి. నేను కాదన్నానా? కానీ ఒకటి చెప్తాను. మామూలు సినిమాలో మీరు పదిమంది చస్తే నాకు కనీసం మూడు ఏడుపులు వస్తాయి. ఒక తల్లి, ఒక భార్య, దూరంగా ఎవరో ఒకరు. ఈ సినిమాకి నన్ను ఒక్క పూటే పిలిచారు. షీటులో ఉన్నది ఒక్కటే ఏడుపు. అది ఈ భాయ్ కోసం. ముప్పై అయిదు చావులకి ఒక్క ఏడుపు రాయలేదండీ వాళ్ళు."

"రాసేవాళ్ళకి సమయం చాల్లేదేమో."

"వీడికి నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో మరి" అని ఆవిడ కంచం, గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు బస్సులో ఆయన కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు గానీ చదవలేదు. ఆ ముప్పై అయిదుగురినీ ఒక్కొక్కరినే గుర్తు చేసుకుందామని చూశాడు. రౌడీలు సరే, వాళ్ళ గోల వాళ్ళది. రేవులో బస్తాలు తూకం వేసే గుమస్తా ఒకడున్నాడు. చూడకూడనిది చూసినందుకు పోయాడు. రెండో రీల్లో ఒక లిఫ్టు నడిపేవాడు ఉన్నాడు. హోటల్లో భాయ్ శత్రువుని తరుముతూ లిఫ్టులోకి వస్తాడు. లిఫ్టు అతను "ఎన్నో అంతస్తు సార్?" అంటాడు. తూటా. హక్. భాయ్ అతని ఒంటి మీదుగా చెయ్యి చాచి తనే మీట నొక్కుకుంటాడు. ఆ ముప్పై అయిదు చావుల్లో గుటుక్కు గారికి దక్కిన ఒకే ఒక్క మాట అది, 'ఎన్నో అంతస్తు సార్'. చాలా మర్యాదగా చెప్పాడు దాన్ని. యూనిఫాం మీద బొత్తాలన్నీ పెట్టుకున్న మనిషి, మర్యాదగానే మాట్లాడతాడు కదా అనుకుని చెప్పాడు.

పదింటికి టేకు మొదలైంది. బొటనవేలు నొక్కిపట్టాడు. మూడు తూటాలు వచ్చి వెళ్ళాయి. గాజుకి అవతల ఇన్‌చార్జి కుర్చీలో ముందుకి వంగాడు. "ఏడవకు, నాకు నొప్పిగా లేదు" అన్న గొంతు అచ్చం సింహం గారిదే, కానీ సింహం గారికి ఎప్పుడూ లేని అలసట ఏదో అందులో ఉంది. చీకట్లో పుట్టాడు, పెరిగాడు. దీపం వచ్చింది. ఇంజనీరు చేతిలో వేరుశెనగ చేతిలోనే ఉండిపోయింది.

మూడున్నర నిమిషాల దగ్గర కెమెరా భాయ్ వెనక్కి వెళుతుంది. తెర మీద అతని వీపు, తూటా చిల్లులు పడిన కోటు, ఎదురుగా టీచరమ్మ ముఖం. పన్నెండు సెకన్లు. హిందీలో అక్కడ మాటల్లేవు, ఊపిరి, వయొలిన్లు. పెదాలు కనపడవు కాబట్టి డబ్బింగ్‌వాళ్ళకి అది ఖాళీ స్థలం లాంటిది, ఏది పెట్టినా అతుకుతుంది. గుటుక్కు గారు ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరితోనే అన్నాడు.

"ఆ లిఫ్టు నడిపేవాడికీ ఒక ఇల్లుంటుంది. అక్కడ ఎవరేడ్చారో నేను వినలేదు."

అదే ఊపిరిలో, ఆగకుండా, కాగితం మీది ఆఖరి వాక్యంలోకి వెళ్ళిపోయాడు. పాపాలన్నీ కడిగేసింది, శుభ్రంగా ఉన్నాను. ముందు రాత్రి ఇంట్లో స్నానం చేసొచ్చినట్టు వినిపించిన వాక్యం ఇప్పుడు అబద్ధమాడుతున్న మనిషి మాటలా వినిపించింది. తరువాత ఆయన చచ్చాడు. చావడంలో వంక పెట్టడానికేముంటుంది, అది ఆయన చేతిలో పనే.

 ఇన్‌చార్జి గాజు తలుపు తోసుకుని గదిలోకే వచ్చేశాడు.

"అద్భుతమండీ! ఫీల్ అదిరింది. మధ్యలో ఆ లిఫ్టేంటి?"

"లిఫ్టు నడిపేవాడండీ."

"ఏ లిఫ్టు?"

"రెండో రీల్లో, హోటల్లో. ఎన్నో అంతస్తు సార్ అంటాడు."

ఇన్‌చార్జి ఆ సినిమాని అప్పటికి ఇరవైసార్లు చూసి ఉంటాడు. గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది. "ఓ, వాడా! వాడెందుకిప్పుడు? హీరో పోతున్నాడు, హాలు హాలంతా ఏడవాలి, మధ్యలో లిఫ్టువాణ్ణి తలుచుకుంటే జాలి ఎవరి మీదికి పోతుంది? తీసేయండి ఇంజనీరు గారూ."

"రాదు సార్" అన్నాడు ఇంజనీరు. "ఒకే ఊపిరిలో కలిపేశారు. ఇది కోస్తే ఆఖరి డైలాగు సగం తెగుతుంది. మళ్ళీ చెప్పించుకోవాల్సిందే."

ఇన్‌చార్జి గుటుక్కు గారి వైపు తిరిగాడు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలిస్తున్నాడు.

"ఒక్క టేకండీ. కాగితంలో ఉన్నది ఉన్నట్టు."

"ఇంకోసారి చెబితే తూటాకే పోతానేమోనండీ. బొటనవేలు మొద్దుబారింది."

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో, నేనెవరినండీ బెదిరించడానికి?"

ఇన్‌చార్జి గడియారం చూసుకున్నాడు. సాయంత్రం మిక్సింగ్. వేరే గొంతు లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే.

"సరే, సూటిగా చెప్తాను. మళ్ళీ చెప్పారా, మీ పేరు తెర మీద ఉంటుంది. చెప్పలేదా, ఇదే వెళుతుంది, కానీ రీలు మొత్తం సింహం గారిదే. రేపు ఎవరైనా అడిగితే ఆయన అన్నాడనుకుంటారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. మీ పేరు మాత్రం ఉండదు. ఏదో ఒకటి తేల్చండి."

గుటుక్కు గారు బాత్రూంకి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. బావమరిది మాట్లాడిన వరస గుర్తొచ్చింది, పెంచిన నాలుగు సీట్లు గుర్తొచ్చాయి, షాపు ఓనరు గుర్తొచ్చాడు. 'ఎక్కువసేపు ఉండడు' అన్న మాట గుర్తొచ్చింది. చెప్పేద్దామనే బయటికి వచ్చాడు. అది దాచిపెట్టడం ఎందుకు, ఆయనే తరువాత ఒప్పుకున్నాడు. మైకు దాకా వెళ్ళాడు కూడా. హెడ్‌ఫోన్లు తీసుకుని, పెట్టుకోకుండానే మళ్ళీ స్టాండుకి తగిలించేశాడు.

"అదే ఉండనివ్వండి" అన్నాడు.

"పిచ్చా మీకు?" అన్నాడు ఇన్‌చార్జి, కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా. "ఒక లిఫ్టువాడి కోసమా?"

"ఆ మాట అన్నది నేనేనండీ, ఎన్నో అంతస్తు అని. బదులు చెప్పలేదు ఆ భాయ్."

ఆ సంగతి ఇంట్లో భార్యకి మాత్రం చెప్పాడు. ఆవిడ "మా తమ్ముడికి ఎవరు చెబుతారు?" అంది. ఎవరూ చెప్పలేదు. టిక్కెట్లు అప్పటికే ఇంట్లో పంచేసుకున్నారు.

మొదటిరోజు మ్యాట్నీకి పద్నాలుగు మంది ఒకే వరసలో కూర్చున్నారు. టైటిల్స్ మొదలవగానే బావమరిది అందరినీ "ష్" అని నోరు మూయించాడు. సింహం గారి పేరు నిప్పు రవ్వల మధ్య తెర నిండా వచ్చింది. దాని కింద ఏమీ రాలేదు. తరువాత భోజనాల వాళ్ళు వచ్చారు, వ్యాన్ల వాళ్ళు వచ్చారు.

"ఏది బావా?" అన్నాడు బావమరిది. "నేను రెప్ప వేసినట్టున్నాను."

"వేసే ఉంటావు" అన్నాడు గుటుక్కు గారు.

"చివర్లో వేస్తారేమో" అన్నాడు షాపు ఓనరు, మర్యాదస్తుడు. వరస మొత్తం చల్లబడింది. రెండు సీట్ల అవతల ఎవరో అమ్మాయి "వెయ్యనిదానికి మనల్ని ఎందుకు పిలిచారట?" అని వాళ్ళమ్మ చెవిలో, అందరికీ వినిపించేలా అడిగింది.  భార్య గుటుక్కు గారి చెయ్యి పట్టుకోలేదు గానీ, ఆవిడ మోచెయ్యి ఆయన మోచేతికి ఆనించే ఉంచింది.

సరిగ్గా వాళ్ళ ముందు వరసలో గళ్ళ చొక్కా వేసుకున్న ఒకాయన ఉన్నాడు. భాయ్ తుపాకి తీసినప్పుడల్లా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తున్నాడు. గుమస్తా పోయినప్పుడు ఈల, రౌడీలు పోయినప్పుడు ఈల. 'ఎన్నో అంతస్తు సార్' వచ్చింది, హక్ వచ్చింది, భాయ్ చెయ్యి చాచి మీట నొక్కాడు. హాలంతా గొల్లున నవ్వింది, ముందు వరసలోంచి మళ్ళీ ఈల. చెంపదెబ్బ పడింది, గడ్డం పోయింది, ప్రేమ పండింది. చివరికి ఆస్పత్రి మెట్లు వచ్చాయి.

నాలుగు నిమిషాలు మొదలయ్యాయి. గుటుక్కు గారి బొటనవేలు చెప్పులో తనంతట తానే నొక్కుకుంది. గొంతు బాగుంది. ఎవరికీ అనుమానం రాలేదు. కెమెరా మెల్లగా భాయ్ వెనక్కి జరిగింది. చిల్లులు పడిన కోటు స్లోమోషన్‌లో గాలికి లేచింది.

అభిమానులు ఎదురుచూస్తున్నది ఆ కోటు కోసమే కాబోలు. హాలు దద్దరిల్లిపోయింది. కాగితం ముక్కలు ఎగిరాయి. గళ్ళ చొక్కా ఆయన సీటు మీదికెక్కి ఈల మీద ఈల వేశాడు. పన్నెండు సెకన్లూ ఆ గోలలో కొట్టుకుపోయాయి. మళ్ళీ చెవులు పనిచేసేసరికి భాయ్ శుభ్రంగా ఉన్నానంటున్నాడు.

"నాకు వినపడలేదండీ" అంది భార్య.  "మళ్ళీ చెప్పండి."

గుటుక్కు గారు చెప్పాడు. గుసగుసగా చెబుదామనే మొదలుపెట్టాడు గానీ, అది మైకు ముందు అలవాటైన గొంతు. తెర మీద భాయ్ చచ్చిపోయి హాలు సద్దుమణిగిన క్షణంలో అది నాలుగు వరసలకీ వినిపించింది. ఆ లిఫ్టు నడిపేవాడికీ ఒక ఇల్లుంటుంది. అక్కడ ఎవరేడ్చారో నేను వినలేదు.

గళ్ళ చొక్కా ఆయన చివాలున వెనక్కి తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "ఏం మనుషులండీ మీరు! ఇక్కడ హీరో పోయి మేం ఏడుస్తుంటే లిఫ్టు గొడవేంటి? ఎవడా లిఫ్టువాడు?"

"రెండో రీల్లో పోయాడండీ, హోటల్లో" అన్నాడు గుటుక్కు గారు.

"నేను చూళ్ళేదే. ఎప్పుడు?"

"మీరు ఈల వేశారు చూడండి, అప్పుడు."